ముందు రెండు, వెనక రెండు

నా చేతిరాత బాగుండదు. చదివింది మా ఊరి బళ్లో అయిదో తరగతి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోయి ఉంటాయి. అచ్చువేసేవాళ్లు దిద్దుకోండి, చదివేవాళ్లు మన్నించండి. పోయిన శుక్రవారం పొద్దున మద్రాసు కోడంబాక్కంలో మా ఎదురింటి పెయింటరన్న చనిపోయారు. పేపర్లో రాలేదు. అందుకని నేను రాస్తున్నాను.

ఆయన ఒకప్పుడు సినిమా సెట్లకు వెనక తెరల మీద బొమ్మలు వేసేవారు. నేను అదే సెట్లలో వడ్రంగిని. తెరల పని తగ్గిపోయాక ఆయన పక్షుల బొమ్మలకు దిగారు. మన పక్షులు కాదు. మకావులు, కాకటూలు అనే పరదేశపు చిలకలు, అరటికాయంత ముక్కు ఉండే టూకాన్లు. "కాకిని ఎవురు కొంటారు ఆచారీ? అది కిటికీలోకి ఊరికే వస్తాది" అని నాతో అనేవారు. హోటళ్లవాళ్లు, డాక్టర్లు, కొత్తగా ఫ్లాట్లు కొన్నవాళ్లు ఆ బొమ్మలు తీసుకునేవారు. ఆ పక్షులుండే దేశాలు ఆయన చూడలేదు. విమానమే ఎక్కలేదు. పాత పుస్తకాల కొట్లో దొరికిన ఫోటోలు చూసి వేసేవారు. ఫ్రేములు నేను కట్టేవాణ్ణి.

ఫోటోల్లో రెక్కలు, ముక్కు బాగా కనబడతాయి. కాళ్లు మాత్రం ఏ ఆకుల చాటునో ఉంటాయి. అందుకని కాళ్ల కోసం ఆయన మా కాంపౌండులో తిరిగే కోడిని పట్టేవారు. కోళ్లు ఇంటి ఓనరమ్మవి.

"ఏం పెయింటరూ, అది గుడ్లు పెట్టే కోడి. కూరకు కాదప్పా!" అని ఆమె మేడ మీదినుంచి అరిచేది.

"కాళ్లు చూసి విడిచిపెట్టేస్తానమ్మా. మిగతాదంతా నీదే" అనేవారు ఈయన.

అలా ఎక్కడో అడవుల్లో తిరిగే మకావులన్నింటికీ మా ఓనరమ్మ కోడి కాళ్లు వచ్చాయి. ముందు మూడు వేళ్లు, వెనక ఒకటి.

అది తప్పని నాకు మొదటి బొమ్మకే తెలుసు. చిన్నప్పుడు మా ఊళ్లో జామచెట్లెక్కి చిలకల్ని పట్టినవాణ్ణి. చిలక జాతికి ముందు రెండు వేళ్లు, వెనక రెండు. ఒకసారి మన వేలిని పట్టుకుందంటే ఆ పట్టు మరిచిపోలేం. కానీ చెప్పలేదు. ఆయన పెద్ద ఆర్టిస్టు, నేను మేకులు కొట్టేవాణ్ణి. బొమ్మ అయ్యాక ప్రతిసారీ నాలుగడుగులు వెనక్కి జరిగి, "ఎట్టుండాది?" అని నన్నే అడిగేవారు. "బాగుండాదన్నా" అనేవాణ్ణి. ఆరేళ్లు అదే మాట.

ఒకరోజు అంబత్తూరులో ఒక కంపెనీ కోసం ఇంట్లోనే పెద్ద మకావు వేశారు. గోడకు సగం ఉంది. పేరు రాయడానికి సన్న బ్రష్షు తీసి, నా వైపు తిరిగారు.

"ఇన్ని ఫ్రేములు కట్టినావు, నీ పేరు ఏడా లేదు. ఈసారి నా పేరు పక్కన నీది కూడా రాస్తాను."

"వద్దన్నా."

"ఏం, సిగ్గా?"

"సిగ్గు కాదు. కాళ్లు తప్పుండాయన్నా."

స్టూలు అంచున నా వేళ్లు పెట్టి చూపించాను. ఇట్లా రెండు, అట్లా రెండు. ఆయన బ్రష్షు నీళ్లలో పెట్టి చొక్కా తొడుక్కున్నారు. వంటింట్లోంచి వదిన తొంగిచూసి, "ఆచారి రెండు మాటలు మాట్లాడితే ఇల్లు విడిచి పోతావుండావే!" అంది.

ఇద్దరం స్టేషను దగ్గరికి పోయాం. అక్కడ చిలక జోస్యం చెప్పే అతను ఒకడు ఉండేవాడు. "ఏ పేరు మీద తీయమంటారు?" అన్నాడు.

"జాతకం వద్దులేప్పా. దాన్ని నా వేలిమీద ఎక్కించు, చాలు."

చిలక ఎక్కింది. ముందు రెండు, వెనక రెండు. ఆయన ఆ వేళ్లను ఒక్కొక్కటే లెక్కపెట్టారు. తరవాత మెల్లిగా అడిగారు, "నువ్వు ఎప్పుడు చూసినావు ఆచారీ?"

"ఇప్పుడేన్నా" అన్నాను. అబద్ధం.

మరుసటి వారంనుంచి ఆయన రంగుల పెట్టె పట్టుకుని బొమ్మలు కొన్నవాళ్ల ఇళ్లకు బయలుదేరారు. ఫ్రేము విప్పడానికి నేను వెంట. ఎవరూ అడగలేదు, ఎవరూ తప్పు చూడలేదు. ఒక డాక్టరమ్మయితే నవ్వి, "ఇన్నాళ్లూ ఎవరికీ కనబడలేదు కదండీ. కాళ్లమీద ఒక ఆకు వేసెయ్యండి, సరిపోతుంది" అంది.

"ఆకు కింద తప్పు అట్నే ఉంటాది గదమ్మా" అన్నారు ఆయన. నాలుగు వేళ్లకు రెండు గంటలు కూర్చున్నారు.

వెళ్లిన ప్రతి ఇంట్లో నన్ను చూపించి, "ఈయన కనిపెట్టినాడు సార్, రొంబ కూరైన కన్ను, శానా వాడి చూపు" అని చెప్పేవారు. నేను నేల చూసేవాణ్ణి. నాలుగైదు ఇళ్లయ్యాక ఇక ఓర్చుకోలేకపోయాను. తిరిగొచ్చే బస్సులో చెప్పేశాను.

"అన్నా, నాకు మొదట్నించీ తెలుసు. మొదటి బొమ్మనించీ."

కోప్పడతారనుకున్నాను.

"ఆరేండ్లా? ఎట్ట మోసినావు ఆచారీ?" అన్నారు. లేచి నన్ను కిటికీ పక్కకు కూర్చోబెట్టారు. ఆ తరవాతి ఇంట్లోనూ, ఆ తరవాతి ఇంట్లోనూ, "ఈయనే కనిపెట్టినాడు సార్" అన్న మాట మానలేదు. ఒక్కచోట కూడా ఆ రెండో మాట, నాకు ముందే తెలుసన్నది, చెప్పలేదు. నన్ను అంత మర్యాదగా కాపాడినవాళ్లు ఇంకెవరూ లేరు.

తెలిసిన బొమ్మలన్నీ దిద్దారు. కొన్నవాళ్లు ఇళ్లు మారిపోయి, కొన్ని ఎక్కడున్నాయో తెలియలేదు. చివరికి జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా, "ఆ తెల్ల కాకటూ కొన్నాయన ఏడికి పోయినాడో కనుక్కో" అన్నారు. కనుక్కోలేకపోయాను. నేను మొదటి బొమ్మకే నోరు తెరిచి ఉంటే ఆయనకు ఆ దిగులు ఉండేది కాదు. నా బాధ అదే.

కంప్యూటరు ఆఫీసులో పనిచేసే వాళ్లమ్మాయికి తండ్రి చెయ్యే వచ్చింది. అడ్రసు దొరికితే సెలవురోజు వచ్చి దిద్దుతానంది. ఫ్రేము విప్పడానికి నేనుంటాను.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇంట్లోనో, మీకు తెలిసినవాళ్ల గోడమీదో పరదేశపు చిలక బొమ్మ ఉంటే దగ్గరికి పోయి వేళ్లు చూడండి. ముందు మూడు ఉంటే ఈ పత్రికకు రాయండి, నాకు చేరుతుంది.

చివరి రెండేళ్లు ఆయన బొమ్మను కాళ్లనుంచి మొదలుపెట్టేవారు. ఇంట్లో ఇప్పుడు స్టాండు మీద ఒక కేన్వాసు ఉంది. అందులో ఒక కొమ్మ, దాన్ని గట్టిగా పట్టుకున్న రెండు కాళ్లు. పైనంతా తెలుపు. పక్షి ఇంకా రాలేదు. వదిన దానికి కూడా ఫ్రేము కట్టమంది, కడుతున్నాను.

నాకూ వయసైపోయింది. జవాబు తొందరగా రాయండి.