రెండో చేట

బీడీలు చుట్టడానికి కథలాపూర్ ఆగవ్వకు ఒక చేట చాలు. అయినా పొద్దున్నే అరుగు మీద రెండు పెట్టుకుంటుంది. ఒకటి తన ఒళ్లో, రెండోది నాలుగు తునికాకులు వేసి ఎదుటి పీట ముందు. చుడుతూ చుడుతూ అటు చూసి తల ఊపుతుంది. ఒకప్పుడు ఆ అరుగు నిండా ఆడవాళ్లే, ముచ్చట్లే. నక్సలైట్ అన్నల కోసం పోలీసులు ఊరి మీద పడ్డాక, నలుగురు కూడితే అనుమానమని ఎవరింట్లో వాళ్లు తలుపేసుకుని చుట్టుకుంటున్నారు.

ఒకనాడు సోదాకొచ్చిన ఎస్సై కన్ను రెండో చేట మీద పడింది. "ఈడ కూసున్నోడు ఏడికి ఉరికిండు?"

"ఎవ్వరు లేరు సారూ. ఎదురుంగ చేటుంటే మనిషున్నట్టు అనిపిస్తది."

అతను నమ్మలేదు. ఇల్లంతా వెతికించి, ఆ పీట మీదే కూర్చుని గుచ్చి గుచ్చి అడిగాడు. చుట్టాలెవరు, ఇంటికెవరొస్తారు, ఎవరితో మాట్లాడతావు. ఆగవ్వ పెనిమిటి పోయిన నాటి నుంచి మొదలుపెట్టి, ఒక్కటీ వదలకుండా చెప్పింది. చివరికి ఎస్సైకే విసుగొచ్చి లేచాడు. ఆమె జీపు దాకా వెంట నడిచింది.

"ఇంకేమన్న అడిగేదుంటే రేపు గూడ రాండ్రి సారూ," అంది.