లక్షిత సారీ చెప్పలేదు

2022 జూలై. కరోనా సెలవుల తర్వాత బడులు మళ్లీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది. చిత్తూరులో ఒక ప్రైవేటు బడిలో నేను యూకేజీ టీచర్ని. ఇరవై ఏళ్లకు పైగా చిన్నపిల్లలతోనే ఉన్నాను కాబట్టి, ఐదేళ్ల పిల్లకు మర్యాద నేర్పడం నాకు చేతనైన పని అని మొహమాటం లేకుండా చెప్పుకుంటాను. కానీ ఆ ఏడాది వచ్చిన పిల్లలు వేరు. నలుగురిలో మెలగాల్సిన వయసంతా ఇంట్లో ఫోను ముందు గడిపినవాళ్లు. వరసలో నిలబడటం తెలీదు, పక్కవాడి టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టకూడదని తెలీదు.

దీనికి మా దగ్గర రెండు మందులున్నాయి. ఒకటి 'మేజిక్ వర్డ్స్' చార్టు. ప్లీజ్, సారీ, థాంక్యూ అనే మాటలు బొమ్మలతో సహా గోడ మీద ఉంటాయి. రెండోది సర్కిల్ టైమ్. పొద్దున్నే పిల్లలంతా చాప మీద గుండ్రంగా కూర్చుని నిన్న జరిగినవి చెప్పుకుంటారు, నటించి చూపిస్తారు. పుస్తకంలో కంటే ఈ చాప మీదే ఎక్కువ నేర్చుకుంటారని నా నమ్మకం.

లక్షిత ఐరాల దగ్గర పల్లె పిల్ల. నాయన మునిరత్నం చిత్తూరు వచ్చి ఆటో నడుపుతూ, కూతురు ఇంగ్లీషు బడిలోనే చదవాలని పట్టుబట్టి చేర్పించాడు. ఆ పిల్ల నోట్లోంచి మాట ఊడిపడటం కష్టం. ఒక మధ్యాహ్నం చేతులు కడుక్కునే వరసలో రిషి అనే పిల్లాడి కాలు తొక్కింది. వాడు తూలి కొళాయి గట్టుకు కొట్టుకున్నాడు. పెదవి చిట్లింది. నేను వాడి నోరు కడిగి ఐసు పెట్టే హడావుడిలో పడిపోయాను.

సాయంత్రం రిషి తల్లి కవిత వచ్చింది. బజారులో బట్టల కొట్టు వాళ్లు. అరిచే మనిషి కాదు, అందుకే మాట ఇంకా గట్టిగా తగిలింది.

"పెదివి పగిలి రక్తం కారతా ఉంటే, ఆ పాప సారీ అని ఒక్క మాట అనలేదంట మిస్. మీరు ఏం నేర్పిస్తా ఉండారు?"

రేపు తన ఎదుట సారీ చెప్పించాలి, లేదంటే ఆ పిల్లను వేరే సెక్షన్‌కు మార్చాలి అన్నది ఆమె పట్టు. హెడ్‌మిస్ట్రెస్ సరేనంది. కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చి సంగతి విన్న మునిరత్నం తల దించుకున్నాడు.

"వద్దులే మేడమ్. పాపను ఊర్లో మా అమ్మ కాడ ఇడిసిపెట్టి ఆడ బడిలోనే ఏస్తా. మా వల్ల మీకు మాట రాకూడదు."

ఆ పిల్ల యూనిఫాంకు ఇంకా కొత్త వాసన కూడా పోలేదు. ఒక్క మాట కోసం బడి మానిపించేస్తాడేమోనని నాకు చాలా బాధేసింది.

లక్షితను పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మొక్కినా గదా మిస్" అంది. అంటూనే నా కాలిని వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది.

కాలు తగిలితే అలా చేయమని వాళ్ల అవ్వ నేర్పిందట. ఆ పిల్ల లెక్కలో తప్పు ఒప్పుకోవడం అప్పుడే అయిపోయింది. ఇంకా ఏం మిగిలిందో దానికి అర్థం కాలేదు.

బుజ్జగించి సారీ అనిపించడం నాకు రెండు నిమిషాల పని. కానీ అనిపించనని హెడ్‌మిస్ట్రెస్‌తో తెగేసి చెప్పాను. అనిపిస్తే, తను చేసింది చెల్లదని, మర్యాద అంటే పెద్దవాళ్లు వినాలనుకున్నది అనడమేనని ఆ పిల్ల నేర్చుకుంటుంది. అది నేను నేర్పే మర్యాద కాదు. మర్నాడు సర్కిల్ టైమ్‌కు కవితనే రమ్మన్నాను. ఆమె వచ్చి రిషి పక్కన చాప మీద కూర్చుంది. మునిరత్నం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

మీ కాలు ఎవరికైనా తగిలితే ఇంట్లో ఏం చేస్తారో చూపించమని పిల్లల్ని అడిగాను. కొందరు సారీ అన్నారు. చాలామంది పక్కవాళ్లను తాకి కళ్లకద్దుకున్నారు. రిషి కూడా అదే చేశాడు. నిన్న నీకెవరైనా ఇలా చేశారా అని వాణ్ణి అడిగాను.

"లక్షిత చేసింది మిస్. నేను ఏడస్తా ఉంటే చేసింది."

కవిత కొడుకు వైపు తిరిగింది. "మరి నాకు చెప్పలేదేరా?"

"నువ్వు సారీ చెప్పిందా అనే గదా అడిగితివి."

కవిత ఇక వెళ్దామని చాప మీంచి లేచేసరికి, పక్కనున్న పుస్తకాల సంచికి ఆమె కాలు తగిలింది. చెయ్యి దానంతటదే వంగి సంచిని తాకింది, కళ్ల దగ్గరికి వెళ్లింది. అది లక్షిత సంచి. ఆ పిల్లే ముందుగా అంది.

"ఏం కాదులే అత్తా. మొక్కితివి గదా."

కవిత ముఖం ఎర్రబడింది. వంగి లక్షిత బుగ్గ నిమిరింది. గుమ్మం దగ్గరికి వెళ్లి మునిరత్నంతో, "పాపను ఈడే చదివించండన్నా" అంది. సెక్షన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ మరుసటి ఏడాది నుంచి బడి తెరిచిన మొదటి వారంలో నేను చార్టు తగిలించడం లేదు. తప్పు జరిగితే మీ ఇంట్లో ఏం చేస్తారని ముందు పిల్లల్ని అడుగుతాను, చేసి చూపించమంటాను. సారీ నేర్పడం ఆపలేదు. ఆపను కూడా. రేపు వాళ్లు తిరగబోయే చోట్లలో ఆ మాట కావాలి. లక్షిత కూడా నేర్చుకుంది. ఇప్పుడు ఎవరికైనా కాలు తగిలితే సారీ అంటుంది, అంటూనే చెయ్యి కళ్లకద్దుకుంటుంది. మాట నేర్పడం నా ఉద్యోగం. మాట వచ్చాక ఆ చెయ్యి ఆగిపోకుండా చూసుకోవడం కూడా నా ఉద్యోగమే.