కుల్సుమ్‌బీ తాడు

కొత్తకోటలో హైవే పక్కన గౌస్ మెకానిక్ షెడ్డు ఎక్కడని అడిగితే దారిన పోయేవాళ్లెవరైనా చూపిస్తారు. గౌస్ భార్య కుల్సుమ్‌బీ ఎవరని అడిగితే మాత్రం ఒకప్పుడు నలుగురూ తల గోక్కునేవాళ్లు. షెడ్డు వెనకాల రెండు గదుల ఇల్లే ఆమె లోకం. నోట్లో నాలుక లేని మనిషని పేరు. నాలుకకేం, బాగానే ఉండేది. ఇంట్లో గౌస్‌ను ఉర్దూలో నిలబెట్టి కడిగేసేది. గడప దాటి తెలుగులో మాట్లాడాల్సి వచ్చేసరికి ఆ నాలుక ఎక్కడికో పోయి దాక్కునేది.

గడప బయట ఆమెకు ధైర్యమున్నది ఒక్క రోడ్డు దాటడంలోనే. మిగతా ఆడవాళ్లు కర్నూలు దిక్కు చూసి, హైదరాబాద్ దిక్కు చూసి, కొంగు నోట్లో కుక్కుకుని పరిగెత్తేవాళ్లు. కుల్సుమ్‌బీ చెయ్యెత్తి తాపీగా నడిచేది, లారీలు ఆగేవి. ఆగక ఏం చేస్తాయి? ఆ దారిన పోయే డ్రైవర్లలో సగంమంది గౌస్ షెడ్డులో బండి కింద పడుకుని, ఆమె చేసిన రొట్టెలు తిన్నవాళ్లే. ఆ సంగతికి ఆమెకు మనసులో కొంచెం గర్వం కూడా ఉండేది పాపం.

పెండ్లయిన చాలా ఏండ్లకు పుట్టిన ఒక్కగానొక్క కూతురు ఇష్రత్. ఐదో తరగతి దాకా షెడ్డు పక్కనున్న చిన్న బడిలో చదివింది. ఆరో తరగతికి రోడ్డవతలి బడికి పోవాలి. మొదటి రోజు ఆ పిల్ల రోడ్డంచున నిలబడి వణికితే కుల్సుమ్‌బీ నవ్వింది.

"భయమెందుకే? చెయ్యెత్తు. మన బండ్లే, ఆగుతయి."

పిల్ల చెయ్యెత్తింది, లారీ ఆగింది. తల్లికంటే హుందాగా దాటడం కొన్నాళ్లకే నేర్చుకుంది.

ఆ బడికొక కమిటీ ఉండేది. తల్లిదండ్రులంతా కూర్చుని బడి బాగోగులు మాట్లాడాలని సర్కారు పెట్టిన కమిటీ. పేరు పెద్దది, పని చిన్నది. నలుగురైదుగురు వచ్చి, చాయ్ తాగి, సంతకాలు పెట్టి పోయేవాళ్లు. ఒకనాడు సాయంత్రం ఇష్రత్ వచ్చి తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మీ, రేపు మీటింగట. రోడ్డు దాటే ముచ్చట మాట్లాడుతరట. నువ్వు రావాలె."

"నేనొచ్చి ఏం జేస్త బిడ్డా? సదువుకున్నోళ్లు మాట్లాడుకుంటరు."

"అందరి అమ్మలొస్తరు."

"అందరొస్తే ఇంక నేనెందుకు?"

పిల్ల మూతి ముడుచుకుంది. ఇంకోసారి మీటింగు పెట్టినప్పుడూ అడిగింది, అప్పుడూ ఇదే జవాబు. ఆ తర్వాత అడగడం మానేసింది. కుల్సుమ్‌బీ పోయి ఉంటే ఏమన్నా మారేదా అంటే, మారేది కాదు. ఆ మీటింగులో రోడ్డు సంగతి చాయ్ దాకా కూడా రాలేదు. కానీ ఆ మాట ఆమెకు చెప్పగలిగినవాడు కొత్తకోటలో పుట్టలేదు.

వానాకాలం పొద్దున. ఇష్రత్ సంచి తగిలించుకుని రోడ్డంచున నిలబడి చెయ్యెత్తింది. వచ్చే లారీ షెడ్డుకు అలవాటైనదే. డ్రైవరు పిల్లను గుర్తుపట్టి, ముద్దుగా హారన్ కొట్టి, బండి ఆపాడు. పిల్ల నవ్వుకుంటూ లారీ ముందునుంచి నడిచింది. వెనక వస్తున్న బస్సుకు ముందటి లారీ ఎందుకాగిందో తెలియదు, పక్కనుంచి కోసుకుని ముందుకొచ్చింది. ఆ లారీ ఆగకుండా పోయి ఉంటే పిల్ల బతికేది. ప్రేమగా ఆగినందుకే చచ్చిపోయింది. ఆ డ్రైవరు గౌస్ కాళ్ల మీద పడి గుండెలు బాదుకున్నాడు. ఎవరిని తిట్టాలో తెలియక నేరమంతా తిరిగి తిరిగి ఇంటికే వచ్చింది, వచ్చి కుల్సుమ్‌బీ పక్కన కూర్చుంది. చెయ్యెత్తమన్నది ఆమే కదా.

తర్వాతి మీటింగుకు బడి వరండా నిండిపోయింది. స్పీడు బ్రేకరు కావాలన్నారు, కలెక్టరుకు అర్జీ ఇద్దామన్నారు. అందరి వెనకాల బురఖాలో కూర్చున్న మనిషి లేచి నిలబడేదాకా అది కుల్సుమ్‌బీ అని ఎవరికీ తెలియలేదు. చేతిలో లారీ టార్పాలిన్ కట్టే పొడుగాటి తాడు ఉంది, తాడు పొడుగునా ముడులున్నాయి.

"పిల్లకొక ముడి," అంది. తెలుగు తడబడింది గానీ ఆగలేదు. "ముందట ఒక పెద్దమనిషి, ఎనక ఒక పెద్దమనిషి పట్టుకోవాలె. ఎవ్వరు చెయ్యెత్తొద్దు. లారీ ఆగినా కదలొద్దు. రెండు దిక్కుల రోడ్డు ఖాళీ అయినంకనే దాటాలె."

కూరగాయలమ్మే దేవమ్మ కూతురు అదే బడిలో ఏడో తరగతి. దేవమ్మ ముందుకొచ్చి తాడు కొస పట్టుకుంది. "ముందట నేనుంట బీ. ఎట్లన్న అంగడికి అటే పోవాలె గద," అంది.

ఆనాటి నుంచి ముందు దేవమ్మ, నడుమ పిల్లలు, వెనక కుల్సుమ్‌బీ. షెడ్డున్న బస్తీ దిక్కునుంచి బడి దిక్కుకు పొద్దున ఒకసారి, తిరిగి ఇటు సాయంత్రం ఒకసారి. లారీలు ఆగి హారన్ కొట్టినా కుల్సుమ్‌బీ కదిలేది కాదు. పొమ్మని చెయ్యూపేది. అప్పటిదాకా అమ్మా అని పిలిచిన డ్రైవర్లే విసుక్కుంటూ పోయేవాళ్లు. సర్కారు కమిటీకి చేతకాని పని టార్పాలిన్ తాడు చేసింది.

ఆమె చేతికి ముందున్న చివరి ముడి మాత్రం ఎప్పుడూ ఖాళీ. ఆ ముడిని ఏ పిల్లకూ ఇవ్వలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు. పిల్లలు వాళ్లంతట వాళ్లే అది ఇష్రత్‌దని అనుకున్నారు, ముట్టుకునేవాళ్లు కాదు.

ఎవరూ పట్టుకోని చోట తాడు వేలాడాలి. అది వేలాడేది కాదు. రోడ్డు నడిమికి వచ్చేసరికి కుల్సుమ్‌బీ చేతికి సన్నని బరువు తెలిసేది, చిన్న పిల్ల చెయ్యి వేసినట్టు. మొదటి రోజు ఆమె ఒళ్లంతా జల్లుమంది. తర్వాత ఆ బరువు కోసమే తెల్లవారేది. పిల్లలు బడిలోకి పోయాక తాడును చుట్ట చుట్టకుండా, ఒక కొస మణికట్టుకు మెలేసుకుని, మిగతాది రోడ్డు మీద ఈడ్చుకుంటూ ఒంటరిగా వచ్చేది. "అరిగిపోతది గదనే బీ, సుట్టుకోరాదు?" అని దేవమ్మ కోప్పడేది. వెనకాల ముడులు తారు మీద టకటకమనే చప్పుడు కుల్సుమ్‌బీకి చెప్పుల చప్పుడులా వినిపించేదని దేవమ్మకేం తెలుసు.

ఇంటికొచ్చాక ఆ ఒక్క ముడినే సబ్బుపెట్టి కడిగేది. గౌస్ అది చూశాడు. నిలబెట్టి కడిగించుకోవడానికి అలవాటుపడ్డ మనిషి, ఆ తిట్లయినా వినబడితే బాగుండునని ఎదురుచూశాడు. ఏమీ వినబడక, షెడ్డులోకి పోయి పాత టైర్ల వెనకాల కూర్చుని ఏడ్చాడు.

చలికాలం వచ్చింది. రోడ్డును వెడల్పు చేసే పని మొదలై బడి దిక్కున కంకర కుప్పలు, ఇనుప చువ్వలు వేశారు. ఒక పొద్దున మంచు దట్టంగా కురుస్తోంది. రెండు దిక్కులా ఏమీ కనబడక, చప్పుడూ లేక, దేవమ్మ అడుగు ముందుకేసింది. పిల్లలు కదిలారు. అంతలో తాడు వెనక్కి గుంజుకుంది. ఎంత గట్టిగా అంటే వరసలో పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. మరుక్షణం లైట్లు లేని లారీ ఒకటి దేవమ్మ కొంగును ఎగరేసుకుంటూ ముందునుంచి పోయింది.

దేవమ్మ వెనక్కి వచ్చింది. "మంచిగ గుంజినవ్ బీ. పిల్లల పానాలు దక్కినయ్."

"నేను గుంజలే అక్కా," అంది కుల్సుమ్‌బీ.

ఊరుకోవాల్సింది. ఏండ్ల తరబడి దాక్కున్న నాలుక తాడు పుణ్యమా అని బయటికి వచ్చింది, ఆ పూట ఒక మాట ఎక్కువ మాట్లాడింది. సాయంత్రానికల్లా ఆ మాట బస్తీ అంతా పాకింది. చచ్చిన ఇష్రతే పిల్లలను కాపాడిందని కొందరన్నారు. ఈరోజు వెనక్కి గుంజింది, రేపు తన దిక్కు గుంజుకుంటే ఏందని చాలామంది అన్నారు. ఒకరు దర్గాకు పోయి తాయెత్తు తెచ్చారు, ఒకరు కొబ్బరికాయ కొట్టారు. వేరే ఏ సంగతిలోనూ కలవని బస్తీ భయంలో మాత్రం బ్రహ్మాండంగా కలిసింది. మర్నాటి నుంచి తల్లులు పిల్లలను తాడు దగ్గరికి పంపలేదు. పిల్లలు సంచులు పట్టుకుని, చేతులెత్తుకుని, ఎవరికి వారు రోడ్డుకు అడ్డం పరిగెత్తడం మొదలుపెట్టారు. అది చూసి కుల్సుమ్‌బీ గోడకు తల కొట్టుకుంది.

కమిటీ కూర్చుంది. చైర్మన్ వెంకట్రాములుకు విత్తనాల దుకాణం ఉంది, మనిషి చెడ్డవాడు కాదు. చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని మొదలుపెట్టాడు.

"నీ మీద కోపం లేదు చెల్లె. పిల్లలు నిద్రల ఉలిక్కిపడుతుండ్రు. అయినా కమిటీ అంటే బడికొచ్చే పిల్లలున్నోళ్లది. నీ బిడ్డ..."

మిగతాది చాయ్‌తో కలిపి మింగేశాడు.

"నా బిడ్డ బడికి పోతుంది సేటూ," అంది కుల్సుమ్‌బీ. "రోజూ నేనే తోలుకపోతున్న."

కూతురి చెయ్యి పట్టుకున్న ఒక తల్లి ఆ పట్టు ఇంకా బిగించింది.

పెద్ద టీచరు లలితమ్మ మెల్లగా అంది. "పిల్లలకు తాడు కావాలె కుల్సుమ్‌బీ. తల్లులకు ఆ ఖాళీ ముడి భయం. దాన్ని ఎవరన్న పట్టుకుంటే తాడు ఉంటది."

"ఎవరు తమ పిల్లతోని పట్టిస్తరు చెప్పుండ్రి?" వెంకట్రాములు అందరి వంక చూశాడు. తల్లులు ఎవరి పిల్లలను వాళ్లు వెనక్కి లాక్కున్నారు. దేవమ్మ కూడా తల దించుకుంది. అది చూసి కుల్సుమ్‌బీకి ఎక్కడో సంతోషమేసింది, వెంటనే సిగ్గేసింది.

"నేను పట్టుకుంట," అంది ఒక ఆడపిల్ల.

ఉప్పునుంతల నుంచి ఆ వారమే వచ్చిన అర్చన. తండ్రికి దాబాలో పని దొరికితే వచ్చారు. ఆరో తరగతి. ఆ పిల్లకు గానీ పక్కనున్న తల్లికి గానీ ఈ కథేమీ తెలియదు. ఇంతమంది ఎందుకు బిగుసుకుపోయారో అర్థం కాక తల్లి నవ్వుతోంది.

వద్దంటే తాడు పోతుంది, పిల్లలు మళ్లీ చేతులెత్తుకుని రోడ్డెక్కుతారు. సరేనంటే ఇష్రత్ పోతుంది. బిడ్డను మళ్లీ తన చేతులతోనే పంపించాలి. కుల్సుమ్‌బీ ఆ కొత్తపిల్ల సంచి వంక, నూనె పెట్టిన జడల వంక చాలాసేపు చూసింది.

"సరే," అంది.

మర్నాడు పొద్దున అర్చన వచ్చి చివరి ముడి పట్టుకుంది. "ఖాలమ్మా, గిట్ల పట్టుకుంటే సాలునా?" అని పక్కపిల్లల పిలుపుతోనే, పిన్నిని పిలిచినట్టు పిలిచింది. రోడ్డు ఖాళీ అయింది, దాటారు. ఆ పిల్ల గెంతుతోంది, అటూ ఇటూ ఊగుతోంది, తాడును ఇష్టమొచ్చినట్టు గుంజుతోంది. బతికున్న పిల్ల ఎంత బరువుంటుందో కుల్సుమ్‌బీ మర్చిపోయింది. ఆ బరువు కింద సన్నని రెండో బరువు ఎక్కడన్నా ఉందేమోనని రోడ్డు దాటినంతసేపూ వెతికింది. లేదు.

పిల్లలు గేటులోకి పరిగెత్తారు. దేవమ్మ అంగడికి పోయింది. కుల్సుమ్‌బీ అలవాటు కొద్దీ తాడు కొస మణికట్టుకు మెలేసుకుని వెనక్కి తిరిగింది. కంకర కుప్పల పక్కనుంచి తాడు ఈడ్చుకుంటూ వచ్చి రోడ్డంచున నిలబడింది. వెనకాల చప్పుడవుతోంది, కానీ ఈరోజు అది వట్టి తాడు చప్పుడే. కళ్లనిండా నీళ్లు, ఎదురుగా ఏదీ ఆనడం లేదు.

లారీ ఒకటి ఆమె ముందు ఆగింది. షెడ్డుకు వచ్చే బండే. ఏడుస్తున్న మనిషిని చూసి డ్రైవరు జాలిపడి, "దాటు అమ్మా," అన్నాడు. లారీ ఆగినా కదలొద్దని ఊరందరికీ తాను నేర్పిన మాట ఆమెకే గుర్తు రాలేదు. లారీ ముందునుంచి నడిచింది.

లారీ అంచు దాటబోతుండగా మణికట్టు వెనక్కి గుంజుకుంది. చెయ్యి ఊడివస్తుందేమో అన్నంత జోరుగా. వెల్లకిలా తూలి లారీ బంపరుకు కొట్టుకుంది. ముఖం ముందునుంచి బస్సు దూసుకుపోయింది. ఆ గాలికి బురఖా ముసుగు ఎగిరి వెనక్కి పడింది.

డ్రైవరు కిందికి దూకాడు. బిగుసుకున్న తాడు వంక చూసి, "ఎనక దేనికో తగులుకున్నట్టుంది అమ్మా. జర ఉండు, సూసొస్త," అన్నాడు.

"వద్దు," అంది కుల్సుమ్‌బీ. "సూడకు. నీకు దండం పెడత, సూడకు."

చూస్తే ఏ ఇనుప చువ్వో కనబడుతుందని ఆమెకూ తెలుసు. అందుకే తల తిప్పలేదు. వాడిని బండెక్కించి పంపించేసింది. రోడ్డంచుకు వెనక వెనకకే నడిచి నిలబడింది. బిగుసుకున్న తాడు కొంచెం సేపటికి మెత్తగా సడలింది. కుల్సుమ్‌బీ కర్నూలు దిక్కు చూసింది, హైదరాబాద్ దిక్కు చూసింది. రెండు దిక్కులా ఖాళీ అయ్యేదాకా ఆగింది.

"పోదాం పా బిడ్డా," అని రోడ్డు దాటింది.