పేరు ముందా, తండ్రి పేరు ముందా?

నిన్న పొద్దున డిగ్రీ ఫ్రెండ్స్ గ్రూప్‌లో మెసేజ్.

"మంగళవాడ అంజినప్ప ఇంక లేడు."

వాళ్ల తాత అనుకున్నాను. ఆయన పేరూ అంజినప్పే, ఎనభై దాటిన మనిషి. "నిండు జీవితం గడిపారు, పెద్దాయన ఆత్మకు శాంతి" అని టైప్ చేసి దండం బొమ్మ కూడా పెట్టాను.

రెండు నిమిషాల్లో మా క్లాస్‌మేట్ సుజాత ఫోన్.

"ఏం రాసినావే నువ్వు? తాత ఈడే గోడకు ఆనుకోని కూర్చోనుండాడు. పోయింది మన అంజి."

మన అంజి. ముప్పై నాలుగేళ్లు. గుండెపోటు అంట.

మెసేజ్ డిలీట్ చేశాను. ఎంతమంది చూశారో తెలియదు. నాకు ఇప్పటికీ ఏమీ తలకెక్కడం లేదు.

తాత పేరు మనవడికి పెట్టడం మా వైపు మామూలే. ఈ పేర్ల దగ్గరే ఒకసారి మా ప్రోగ్రామ్ ఊళ్లకు ఊళ్లను తిప్పలు పెట్టింది.

మా వైపు సోలార్ పార్క్ పనులు జోరుగా ఉన్న రోజులు. ఒక కాంట్రాక్టర్ ఆఫీసులో నాకూ అంజికీ ఉద్యోగం. పానెళ్లు కడిగే, గడ్డి కోసే కుర్రవాళ్లకు గేట్ కార్డులు ప్రింట్ చేసే ప్రోగ్రామ్ మాకు అప్పగించారు.

అంజి "వర్కర్" అని ఒక క్లాస్ రాశాడు, అంటే ఒక్కో మనిషి రికార్డుకు అచ్చు లాంటిది. దానికో కన్‌స్ట్రక్టర్. కొత్త మనిషి రికార్డు పుట్టాలంటే ఏమేమి ఇవ్వాలో అడిగేది అదే. ముందు పేరు, తర్వాత తండ్రి పేరు, తర్వాత ఊరు. ఇవి ఇవ్వకుంటే రికార్డే పుట్టదు.

దరఖాస్తులు చదివి ఆ కన్‌స్ట్రక్టర్‌ను పిలిచే కోడ్ మాత్రం నాది.

నేను తండ్రి పేరు ముందు ఇచ్చాను.

ఎందుకంటే ఏం చెప్పను? మా ఊళ్లలో ఎవరి గురించైనా అట్లాగే చెబుతాం. లింగప్ప కొడుకు అంజి. నోటికి తండ్రే ముందొస్తాడు, చేతికీ అట్లాగే వచ్చింది. రెండూ పేర్లే కాబట్టి కంప్యూటర్ కిక్కురుమనలేదు.

టెస్ట్‌కు అంజి వివరాలే వేశాను. "లింగప్ప, తండ్రి అంజినప్ప, మంగళవాడ" అని వచ్చింది. లింగప్ప మామ అంజి వాళ్ల నాన్న, ఆయన తండ్రి అంజినప్ప తాత. తండ్రీ కొడుకులు తారుమారయ్యారని పట్టుకోలేదు. తెలిసిన పేర్లే కనబడ్డాయి, సరే అనుకుని అన్ని కార్డులూ ప్రింట్ కొట్టాను. ఆ టెస్ట్ కార్డు కూడా కట్టలో కలిసి ఊరికి వెళ్లిపోయింది.

మొదటి రోజు పార్క్ రాయచెర్లు గేట్ దగ్గర కుర్రవాళ్ల బదులు నాన్నలు నిలబడి ఉన్నారు. పంచెలు, భుజాన తువ్వాళ్లు. లింగప్ప మామ ఏకంగా కొడవలి తెచ్చాడు.

గార్డ్ పొమ్మంటే ఒప్పుకోడు. "పేరు నాదే, ఊరు నాదే, మా నాయన పేరు గూడా రాసినారు. ఇంకేమి కావల్లప్పా నీకు?"

అందరూ నవ్వారు. మా సూపర్‌వైజర్ నవ్వలేదు. ఆ రోజు పని మొత్తం ఆగిపోయింది.

"ఈ క్లాస్ రాసిందెవరు?"

"నేనే సార్" అన్నాడు అంజి.

అది నిజమే. క్లాస్ రాసింది అతనే.

నేను నోరు విప్పలేదు. చేరి మూడు నెలలే, భయం. అంతకు మించి కారణం లేదు.

రేపటి నుంచి రావద్దన్నారు అతన్ని. ఆ కోడ్ సరిచేసే పని నాకిచ్చారు. నా తప్పు నేనే దిద్ది, శభాష్ అనిపించుకున్నాను.

అంజి వై.ఎన్.హొసకోటలో జెరాక్స్ షాపు పెట్టుకున్నాడు. చాన్నాళ్లకు ధైర్యం చేసి వెళ్లాను. ఆ రోజు ఎందుకట్లా అన్నావని అడిగాను.

"ఉప్పుకూ చక్కెరకూ ఒకే రకం డబ్బాలు పెట్టి, పైన పేరు రాయకుంటే తప్పెవరిది? పెట్టినోనిదా, టీలో ఏసినోనిదా?"

నవ్వి, ఎవరిదో ఆధార్ కార్డు మిషన్ మీద పెట్టాడు.

నాకు అర్థం కాలేదు. రెండు పేర్లు పక్కపక్కనే అడిగే కన్‌స్ట్రక్టర్ రాయడం తన తప్పేనని నిజంగా నమ్మాడా? లేక నన్ను కాపాడాడా? ఇన్నేళ్లుగా కోడ్ రాస్తున్నాను. ఒక రోజు అదే అనిపిస్తుంది, ఒక రోజు ఇదే అనిపిస్తుంది.

ఇంకోసారి కలిసినప్పుడు అడగొచ్చులే అనుకున్నాను.

ఇప్పుడు ఎవరిని అడగాలి?

నిన్న సాయంత్రం మట్టి ఇచ్చాక లింగప్ప మామ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మావోడు చేసిన తప్పుకు ఆ పొద్దు నీకు గూడా మాట వచ్చింటాదమ్మా. పోయినోడు పోయినాడు. మనసులో పెట్టుకోవద్దు తల్లీ."

కొడుకును మట్టిలో పెట్టి వచ్చి, నాకు క్షమాపణ చెబుతున్నాడు.

నేను అక్కడా నోరు విప్పలేదు. ఏడుస్తూ తల ఊపాను. ఎందుకు ఊపానో నాకే తెలియదు.

మూడో రోజు కార్యానికి మంగళవాడ వస్తున్నాను. ఆ తప్పు నాదని మామకు నేనే చెబుతాను. అప్పుడూ నాకు నోరు పెగలకపోతే, మీలో ఎవరైనా ఈ పోస్ట్ ఆయనకు చదివి వినిపించండి.

అంజీ, నిమ్మళంగా పడుకో.
నీ మీద ఏ తప్పూ లేదు.