వేళ రాయని చీటీ

ఎనభైల చివర్లో ఒక జూన్ నెల, బడులు తెరిచిన రోజునే నేను ఉద్యోగంలో చేరాను. జమ్మలమడుగు నుంచి అరగంట బస్సు ప్రయాణంలో ఒక నల్లరేగడి ఊరు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. నా హోదా సెకండరీ గ్రేడ్ టీచరు, అంటే ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ అన్ని పాఠాలూ చెప్పే మనిషి. రెండు గదులు, ఇద్దరం టీచర్లం. ప్రధానోపాధ్యాయులు నారాయణగారిని ఊరంతా పెద్దసారు అనేవారు. నేను రోజూ ప్రొద్దుటూరులో బస్సెక్కి, జమ్మలమడుగులో బస్సు మారి, మొదటి గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందే బడిలో ఉండేదాన్ని. ఆ ఐదు నిమిషాల గురించి నాకు అప్పట్లో చెడ్డ గర్వం. ఇప్పటికీ కొంచెం మిగిలే ఉంది.

ఆ గర్వం మా ఇంటి నుంచి వచ్చింది. మేము అబ్బా అని పిలిచే మా నాన్న ప్రొద్దుటూరులో దర్జీ. గుడ్డ చేతికి రాగానే ఏ రోజు, ఏ గంటకు కుట్టి ఇస్తాడో చీటీ మీద రాసిచ్చేవాడు. రంజాన్ ముందు రోజుల్లో కూడా ఆ మాట తప్పి ఎరగడు. ఉపాధ్యాయ శిక్షణలోనూ నాకు అదే నేర్పారు. తల్లిదండ్రులకు పంపే ఏ సమాచారంలోనైనా రోజు, వేళ, చోటు ఈ మూడూ ఉండి తీరాలన్నారు. ఈ మూడూ రాయగలిగితే టీచరు పని సగం అయిపోయినట్టేనని నేను అనుకున్నాను.

చీటీలు మా బడికి ప్రాణం. ఆ ఊళ్ళో చదవనూ రాయనూ వచ్చిన పెద్దవాళ్ళు తక్కువ. చీటీ పిల్లల చేత ఇంటికి వెళ్ళేది, పిల్లలే దాన్ని చదివి వినిపించేవాళ్ళు. అందుకని కార్బన్ కాగితాలు పెట్టి, గుండ్రటి పెద్ద అక్షరాలతో, చిన్న చిన్న మాటల్లో రాసేదాన్ని. పిల్లలను రోజూ బడికి పంపండి. సోమవారం గోళ్ళు కత్తిరించి పంపండి. పలక పగిలితే కొట్టకండి, మాకు చెప్పండి. రోజూ కాసేపు పిల్లలు చెప్పేది వినండి. ఈ చివరి వాక్యం ఏ ఉత్తర్వులోనూ లేదు. అది నా సొంత కవిత్వం.

ఆ ఊరికి రెండు వీధులు, పై వీధి, కింద వీధి. రెండింటికీ మధ్య పాత పగ ఉంది, పగకు తోడు పార్టీ జెండాలు వచ్చాయి. అక్కడ పార్టీ అంటే ఓటు వేసే గుర్తు ఒక్కటే కాదు, ఎవరి వెంట నడుస్తారు, ఎవరి అరుగు మీద కూర్చుంటారు అన్నది కూడా. రెండు వీధుల పిల్లలూ మా బడిలో ఒకే బెంచీల మీద కూర్చునేవాళ్ళు. నేను వాళ్ళను పొడుగును బట్టి కూర్చోబెట్టాను, అంతకు మించి విడదీయలేదు. ఊరి తగాదాల గురించి నాకు తెలిసింది ప్రొద్దుటూరులో మా ఇంటి గడప మీద కూర్చుని విన్న కబుర్లే.

త్రైమాసిక పరీక్షలు కాగానే మండల విద్యాధికారి దగ్గర నుంచి ఉత్తర్వు వచ్చింది. మండలంలోని బళ్ళన్నింటికీ ఆయనే పై అధికారి. ప్రతి బిడ్డ తండ్రినీ బడికి పిలిపించి, ప్రోగ్రెస్ కార్డు మీద ఆయన చేతనే సంతకం పెట్టించాలి. వచ్చినవారి పేరు, తేదీ సందర్శకుల పుస్తకంలో ఎక్కించాలి. సరిగ్గా ఆ వారమే పెద్దసారును ఓటర్ల జాబితా పని మీద జమ్మలమడుగుకు పంపించారు. బడి మొత్తం నా చేతికి వచ్చింది. నేను రెచ్చిపోయాను.

శనివారం మధ్యాహ్నం మాకు బాలసభ జరిగేది. పిల్లలు పాటలు, పద్యాలు, పాఠాలు అప్పజెప్పే పూట అది. తండ్రులను ఆ పూటే రమ్మన్నాను. అందరూ ఒకేసారి వస్తే గందరగోళమని, అబ్బా పద్ధతిలో, ఒక్కొక్కరికీ పావుగంట కేటాయించాను. స్కేలు పెట్టి గళ్ళు గీసి, రెండు రంగుల సిరాతో పట్టిక తయారు చేసి బడి తలుపు మీద అంటించాను. మూడు గంటలకు నాలుగో తరగతి ఓబులమ్మ తండ్రి గంగులయ్య. మూడుంబావుకు రెండో తరగతి మద్దిలేటి తండ్రి నాగయ్య. అలా కింది దాకా. ఇక్కడ పేర్లు మార్చి రాస్తున్నాను గానీ వరుస అదే.

ఓబులమ్మ పై వీధి పిల్ల. గొర్రెలు మేపే ఇల్లు. చదువంటే పడి చచ్చేది. తలుపు మీద తన తండ్రి పేరు అందరికంటే పైన కనిపించేసరికి ఆ పిల్లకు కాళ్ళు నేల మీద నిలవలేదు. దారిన పోయే ప్రతి మనిషికీ, చివరికి మా బస్సు కండక్టరుకు కూడా, “మా నాయన శనివారం మూడు గంటలకు మా బడికొస్తాండాడు” అని చెప్పింది.

గురువారం మధ్యాహ్నం ఆ పిల్ల జేజి, అంటే నాయనమ్మ, బడికి వచ్చింది. ఆ తలుపు మీద తన కొడుకు పేరు ఎక్కడుందో చూపించమంది. మెచ్చుకోవడానికి వచ్చిందనుకుని గర్వంగా చూపించాను. ఆమె ఆ గడి మీద వేలు పెట్టింది. అరవలేదు.

“మా వాడు ఇంట్లో పండుకోక సంవత్సరమాయ టీచరమ్మా. యాడుంటాడో నాకే తెల్దు. నువ్వు వాని సావుకు ముహూర్తం రాసి తలుపుకు అంటిచ్చినావు గదమ్మా” అంది.

ఆమె వెళ్ళాక పట్టికను గోళ్ళతో గీకి తీశాను. మైదా జిగురు గట్టిగా పట్టింది, మూలలు రాలేదు. శుక్రవారం పెద్దసారు వచ్చి ఆ మూలలు చూసి, జరిగింది విని, కుర్చీలో కూలబడ్డారు. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“అమ్మా, ఈ ఊర్లో మగోడు ఏ పొద్దు యాడుంటాడో పెండ్లానికి గూడా చెప్పడు. గంగులయ్యకూ నాగయ్యకూ మధ్యలో ఏముందో నీకు తెల్దు. ఇద్దరికీ పావుగంట ఎడం పెట్టి ఒకే వాకిట్లోకి పిలిచినావు” అన్నారు. పట్టిక చించేశాను కదా అన్నాను. చదవాల్సినవాళ్ళు చదివేసినారు అన్నారాయన.

శనివారం రెండు గంటలకే బడి ఎదురుగా మోరీ గట్టు మీద నలుగురు మనుషులు వచ్చి కూర్చున్నారు. ఆ ఊరి వాళ్ళు కారు. ఒకతను లోపలికి వచ్చి మంచినీళ్ళు అడిగి తాగి, మర్యాదగా చెంబు బోర్లించి వెళ్ళాడు. ఏ వీధి నుంచీ ఏ తండ్రీ రాలేదు. ఓబులమ్మ తలకు నూనె పెట్టి, ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, కిటికీ పక్కన కూర్చుంది. బాలసభలో తన వంతు వచ్చినప్పుడు లేవలేదు. “మా నాయన వచ్చినాక సదువుతా” అంది. నాలుగు గంటలకు ఆ నలుగురూ దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. ఓబులమ్మ అందరికంటే ఆఖరున లేచింది.

సోమవారం నా బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. “నేను అందరికీ చెప్పినందుకే మా నాయన రాలేదంట గదా, టీచర్?”

ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నాను. అందరికీ చెప్పింది నువ్వు కాదు, తలుపు మీద రాసింది నేను, తప్పు నాది అని చెప్పాను. ఒక టీచరు నాలుగో తరగతి పిల్లతో ఆ మాట అనడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. ఆ పిల్ల నన్ను నమ్మిందో లేదో తెలియదు. నేను చేతికిచ్చిన ప్రోగ్రెస్ కార్డు మాత్రం వెనక్కి ఇచ్చేసింది, నాయన సంతకం పెట్టేదాకా నా దగ్గరే ఉంచమని.

ఆ పిల్ల తండ్రిని చూసి ఎన్నాళ్ళయిందో పెద్దసారును అడిగాను. ఉగాది ముందు ఒకసారి చూసి ఉంటుందన్నారు. ఆ పూటే కూర్చుని కొత్త చీటీ రాశాను. గోళ్ళు, పలక, పిల్లలు చెప్పేది వినడం, అన్నీ పాతవే. చివర మాత్రం ఇలా రాశాను: “బడి జరిగే ఏ రోజైనా, మీకు వీలైన ఏ వేళకైనా వచ్చి మీ పిల్లల చదువు చూడవచ్చు. ముందుగా చెప్పనక్కరలేదు.” పెద్దసారు రెండుసార్లు చదివి, ఇది ఉత్తర్వుకు విరుద్ధం అని చెప్పి, కింద సంతకం పెట్టారు. రెండు వీధుల్లో ప్రతి ఇంటికీ ఆ చీటీ వెళ్ళింది.

మూడు వారాలు గడిచాయి. ఒక మంగళవారం పదకొండు గంటల వేళ బడి గోడ వెనక నుంచి గొర్రెల మంద వెళుతోంది. రోజూ వెళ్ళే మందే. అందులోంచి భుజాన గొంగడితో ఒక మనిషి పక్కకు తిరిగి, గడప బయటే చెప్పులు విడిచి, లోపలికి వచ్చాడు. ఎవరని నేను అడిగేలోపే ఓబులమ్మ లేచి నిలబడింది. పరుగెత్తలేదు, పిలవలేదు. ఎవరికీ చెప్పకూడదని ఆ పిల్ల ఈసారి బాగా నేర్చుకుంది.

గంగులయ్య వెనక బెంచీ మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఏదైనా చదవమన్నాను. పద్యం చదువుతుందనుకున్నాను. ఓబులమ్మ వాచకంలో మడిచి దాచుకున్న నా చీటీ తీసి చదవడం మొదలుపెట్టింది. పిల్లలను రోజూ బడికి పంపండి, సోమవారం గోళ్ళు కత్తిరించి పంపండి అని ఒక్కొక్క మాటా తండ్రి ముఖం చూస్తూ చదివింది. రోజూ కాసేపు పిల్లలు చెప్పేది వినండి అన్న దగ్గర ఆయన, “ఇంగోసారి సదువు పాపా” అన్నాడు. ఆ పిల్ల ఆ ఒక్క వాక్యమే మళ్ళీ చదివింది. ఆయన గొంగడి అంచుతో ముఖం తుడుచుకున్నాడు. నేను నల్లబల్ల వైపు తిరిగి, అక్కర్లేని లెక్క ఒకటి రాశాను.

కార్డు మీద ఆయన పేరులో మొదటి అక్షరం పడిందో లేదో, గుమ్మంలో రాములమ్మ నిలబడి ఉంది. కింద వీధి నాగయ్య భార్య, మద్దిలేటి తల్లి. కొడుకుకు చెవి నొప్పి, జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోవడానికి వచ్చింది. గంగులయ్య కలం పెట్టేసి లేచాడు. పిల్లలంతా పలకల మీంచి తలలెత్తారు. ఎవరు ఎవరికి ఏమవుతారో నాకంటే వాళ్ళకే బాగా తెలుసు.

రాములమ్మ ఆయన వైపు చూసింది, బల్ల మీది కార్డు వైపు చూసింది. “కూసో అప్పా. సంతకం పెట్టుకో. నేను పిల్లోన్ని తీసకపోను వచ్చినా” అంది. మద్దిలేటి చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. గంగులయ్య మిగిలిన అక్షరాలు రాసి, కూతురి తల మీద చెయ్యి వేసి, గోడ వెనక మందలో కలిసిపోయాడు.

మర్నాడు జమ్మలమడుగు బస్టాండులో నలుగురు గుమిగూడి మాట్లాడుకుంటే చాలు, పక్కకు చేరి చెవి ఒగ్గి విన్నాను. ఏమీ జరగలేదు. బడికి చేరేసరికి రాములమ్మ గేటు దగ్గర నా కోసమే నిలబడి ఉంది.

“నువ్వేమనుకుంటాండావో నాకు తెల్సు టీచరమ్మా. నేను ఎవురికీ చెప్పలా” అంది. కొంగు ముడి విప్పి నా చీటీ తీసింది. “మా వాడు ఇది సదివినాడు. ఏ పొద్దయినా రావచ్చునని ఉండాదంట. మా ఆయప్ప గూడా రావచ్చునా? పులివెందల తట్టు ఒక చీనీ తోటలో ఉండాడు. కొడుకును శానా తలుసుకుంటాండాడంట” అని, తోట ఎవరిదో కూడా చెప్పేసి, చటుక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దసారు చెప్పిన లెక్కన అది ఆమెకే తెలియకూడని సంగతి. నేను ఆ తోట మాట ఆయనకు కూడా చెప్పలేదు.

నాగయ్య ఆ నెలలోనే ఒక పూట వచ్చాడు. చొక్కా జేబులో రెండు చీనీకాయలు, అంటే బత్తాయిలు. గంగులయ్య కూర్చున్న వెనక బెంచీ మీదే మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, మద్దిలేటి రెండో ఎక్కం తప్పుల్లేకుండా చెప్పడం విన్నాడు. ఒకరు వచ్చిన సంగతి మరొకరికి మా బడి చెప్పలేదు. రెండు వీధుల పిల్లలూ చెప్పలేదు.

ఊరి తగాదా దీనితో ఆగిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. అది ఆ తర్వాత చాలా ఏళ్ళు నడిచింది. ఓబులమ్మ ఐదో తరగతి పూర్తి చేసేదాకా తన కార్డుల మీద తండ్రి సంతకం మాత్రం తప్పలేదు. నా ఖాతాలో నేను రాసుకోగలిగింది ఇంతే.

సంవత్సరాంతపు తనిఖీలో మండల విద్యాధికారి సందర్శకుల పుస్తకం తెరిచారు. తండ్రుల పేర్లు రాయాల్సిన గడిలో “ఓబులమ్మ నాన్న వచ్చారు”, “మద్దిలేటి నాన్న వచ్చారు” అని ఉంది, తేదీ గడి ఖాళీగా ఉంది. ఎర్ర సిరాతో “తేదీలు లేవు, సంజాయిషీ ఇవ్వవలెను” అని రాసి, నాకు మెమో ఇచ్చారు. నా ఉద్యోగ జీవితం మొత్తంలో వచ్చిన మెమో అదొక్కటే. మరచిపోయానని ఒక్క ముక్క రాసి ఇచ్చాను.

సమాచారంలో రోజు, వేళ, చోటు ఉండాలన్న నియమం మంచిదే. తర్వాత పని చేసిన ప్రతి బడిలోనూ పాటించాను. కానీ ఆ మూడూ చెప్పలేని తండ్రికి కూడా బిడ్డ ఉంటుందని ఆ ఊళ్ళో తెలుసుకున్నాను. అందుకని పదవీ విరమణ దాకా నేను పంపిన ప్రతి చీటీలోనూ కింద ఒక వరుస ఉండేది: ఆ వేళకు రాలేనివారు రాగలిగినప్పుడు రావచ్చు, ముందుగా చెప్పనక్కరలేదు.