రెబెక్క పలికిన మధ్యాహ్నం

కథలు రాయడం నేర్చుకోవాలంటే ఊరవతల తోటకు పోవాలని ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళను ఒక్క పూట మా బళ్ళో ఏడో తరగతికి పాఠం చెప్పమనాలి. ఆ హోరులో కూర్చునే పదేళ్ళుగా కథలు రాస్తున్నాను. అయినా ఈ జనవరిలో, కోట్‌పల్లి ప్రాజెక్టుకు కొంచెం అవతల ఒక తోటలో మూడు రోజుల రచనా శిబిరం ఉందంటే పేరిచ్చాను. మాది నవాబుపేట పక్క పల్లె. సొంత జిల్లాలో అతిథిగా కూర్చుని, ఎవరో వండి పెడితే తినాలన్న ఆశ తప్ప వేరే కారణం లేదు.

శిబిరం నడిపే శ్రీకాంత్ మంచివాడే. కాకపోతే మాట్లాడే ముందు ప్రతిసారీ కళ్ళు మూసుకుంటాడు. శుక్రవారం టిఫిన్లు కాగానే కళ్ళు మూసుకుని, "ఈ చుట్టుపక్కల ఒక మామూలు మనిషిని వెతుక్కోండి. ఆ మనిషి జీవితం రాయండి. ఆదివారం పొద్దున అందరం చదువుకుందాం," అన్నాడు. మిగతా ఏడుగురూ నోటు పుస్తకాలు పట్టుకుని నీళ్ళ వైపు పోయారు. నాకు ఎండలో తిరగడమంటే ఒళ్ళు మంట. గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చున్న వాచ్‌మన్ పక్కనే కుర్చీ వేసుకున్నాను.

ఆయన పేరు ఇమ్మానుయేలు. అరవై ఎనిమిదేళ్ళు. ఒక కంట్లో శుక్లం తెల్లగా కనబడుతోంది.

"తాతా, నీ గురించి రాసుకోవాలె. జర చెప్పరాదు," అన్నాను.

"నా గురించి ఏమున్నది బిడ్డా? బండలు కొట్టిన, దగ్గిన. గంతే."

గంతే అన్న మనిషి మధ్యాహ్నం దాకా చెప్పాడు. పన్నెండో ఏట తాండూరులో నాపరాళ్ళ గనిలోకి దిగాడట. నలభై ఏళ్ళు రాయి తీసి, తర్వాత పాలిష్ మిషను మీద పనిచేశాడు. ఆ దుమ్మంతా ఇప్పుడు ఆయన రొమ్ములో ఉంది. నాలుగు మాటలకొకసారి దగ్గి, ఊపిరి వెతుక్కుంటాడు. తండ్రి బిచ్చయ్య నేర్పిన పని ఇంకొకటుంది, సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కడం. ఇక్కడి నుంచి కొడంగల్ దాకా ఏ సమాధుల తోటలో చూసినా ఆయన అక్షరాలే ఉంటాయి. గుండ్రంగా, తలకట్లు కొంచెం పొడుగ్గా ఉంటాయని ఆయనే గర్వంగా చెప్పుకున్నాడు.

వాళ్ళ ఇంట్లో ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. ముత్తాత కాలంలో కలరా గత్తర వచ్చిందట. చచ్చాడనుకున్న మనిషి పేరు రాతి మీద చెక్కి ముగించేసరికి, ఆ మనిషి పాడె మీద లేచి కూర్చుని నీళ్ళడిగాడట. పేరు చెక్కడం అయిపోయింది కాబట్టి మూడో రోజు నిజంగానే పోయాడు. అప్పటినుంచి ఉలి పెట్టే ముందు రాయి ఎదుట నిలబడి ఆ పేరును మూడుసార్లు పిలిపిస్తారు. పిలిచేవాళ్ళు చెక్కేవాళ్ళు కాకూడదు, పోయినవాళ్ళ ఇంటివాళ్ళూ కాకూడదు. జవాబు రాకపోతేనే చెక్కాలి. వస్తే రాయి మీద చెయ్యి వెయ్యకూడదు.

"ఎన్నడన్న జవాబొచ్చిందా తాతా?" అని నవ్వుతూ అడిగాను.

ఆయన నవ్వలేదు. "వచ్చింది. మా ఇంటామెకు."

ఆమె పేరు రెబెక్క. పోయి మూడేళ్ళయింది. ఆ రోజు ఆయన తాండూరులో మిషను మీద ఉన్నాడు. ఇంట్లో ఆమెకు గుండెల్లో నొప్పి వస్తే ఏడుసార్లు ఫోను చేసింది. మిషను చప్పుడులో ఆయనకు ఒక్కటీ వినబడలేదు. రాయిని తనే కోసి, తనే నున్నగా అద్దంలా చేసి పాతాడు. పేరు పిలవడానికి పక్కింటి కిష్టయ్య వచ్చాడు. మూడో పిలుపుకు ముఖం పాలిపోయి, "వదిన పలికింది," అంటూ వెనక్కి చూడకుండా పోయాడు. మరుసటేడు ఇమ్మానుయేలు కొడంగల్ నుంచి ఒకామెను తీసుకొచ్చాడు. ఆమె అక్కడే కూలబడింది. ఇప్పుడు అటువైపు రమ్మంటే ఊళ్ళో ఎవ్వరూ రారు. పాస్టరు గారు ఇదంతా వట్టిదన్నాడు గానీ, పిలవమంటే ఆయనకూ పని పడింది.

"అందరికీ వినొస్తది బిడ్డా. నాకొక్కనికే వినరాదు. పక్కనే ఉంట, ఏమీ వినరాదు." చేతులు ముందుకు చాపి చూపించాడు. వేళ్ళు వణుకుతున్నాయి. "వచ్చే ఏడు గీ చేతుల్ల ఉలి నిలువది. ఈ మంచి కన్ను కూడ పోతది. ఆమె రాయి బోడిగనే ఉంటది. నువ్వొచ్చి పిలుస్తవా?"

పిలుస్తానన్నాను. జాలితో అన్నానని చెప్పుకుంటే బాగుండేది. ఆదివారం చదవడానికి నాకు ఒక ముగింపు కావాలి. అసలు కారణం అదే.

శనివారం మిట్టమధ్యాహ్నం ఇద్దరం బయలుదేరాం. తోట వెనక కంది కోసిన చేను ఉంది. ఎండిన మోళ్ళు కాళ్ళకు గీరుకుంటుంటే తిట్టుకుంటూ నడిచాను. అవతల తుమ్మచెట్ల మధ్య సమాధుల తోట. లోపల అడుగుపెట్టేసరికి, అప్పటిదాకా వినబడుతున్న ట్రాక్టరు చప్పుడు వినబడలేదు. ఆగిపోయిందేమోనని వెనక్కి చూశాను. దూరంగా చేలో ట్రాక్టరు కదులుతూనే ఉంది.

రెబెక్క రాయి చివరన ఉంది. చుట్టూ ఉన్నవాటి మీద ఆకులు, దుమ్ము. దాని మీద అవేవీ లేవు. అందులో నా ముఖం కనబడింది, నా వెనక ఆయన నీడలా కనబడ్డాడు.

"రాయి దిక్కే చూడాలె బిడ్డా. ఎనకకు తిరగొద్దు," అన్నాడు.

"రెబెక్కా," అన్నాను. ఏమీ లేదు. "రెబెక్కా!" ఒక తుమ్మకాయ రాలింది. ఇదంతా పిచ్చి అనుకున్నాను. మూడోసారి గట్టిగా, పిల్లల హాజరు పిలిచినట్టు పిలిచాను.

"ఆఁ, వస్తున్న. జర ఆగు."

ఆడగొంతు. పిండి చేతులు కడుక్కుంటూ లోపలినుంచి పలికినట్టుంది. రాతిలోంచి రాలేదు, నా వెనకనుంచి వచ్చింది. ఇంతకు ముందు పిలిచినవాళ్ళు ఆయన చెప్పినట్టు విన్నారు, తిరగలేదు. నాకు చెప్పింది వినే అలవాటు లేదు. తిరిగాను.

పలికింది ఇమ్మానుయేలు. ఆయన పెదవులు ఆ చివరి మాట మీద ఇంకా కదులుతున్నాయి. దగ్గు లేదు, ఆయాసం లేదు. మంచి కన్ను రాయి మీదే ఉంది. పెదవులు మూసుకున్నాక, ఎప్పటి బొంగురు గొంతుతో ఆత్రంగా అడిగాడు.

"ఏమన్న వినొచ్చిందా?"

నటన కాదు. నలభై మంది పిల్లల అబద్ధాలు రోజూ వినే మనిషిని, నాకు తెలుస్తుంది. ఆయనకు నిజంగా తెలియదు. నీ నోట్లోంచే వస్తోంది తాతా అని ఎట్లా చెప్పను? చెబితే ఇక ఉలి పట్టడు. ఆ రాయి బోడిగానే ఉండిపోతుంది. అన్నీ ఆ ఒక్క క్షణంలోనే ఆలోచించి, మంచిపని చేస్తున్నాననుకుని చెప్పాను.

"లేదు తాతా. ఏం రాలే."

"నిజంగ?"

"నిజంగ. చెక్కు."

ఆయన సంతోషిస్తాడనుకున్నాను. ముఖం వాడిపోయి, రాయి మీద లేని దుమ్మును కండువాతో తుడిచాడు. తర్వాత పనిముట్ల సంచి విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, ఉలి రాతి మీద పెట్టాడు. వేళ్ళ వణుకు అక్కడ ఆగిపోయింది. సుత్తి దెబ్బ దెబ్బకూ తెల్లని పొడి రాలుతోంది. రె. బె. క్క. చివరి తలకట్టు కొంచెం పొడుగ్గా. గంటకు పైగా పట్టింది. అంతసేపూ నేను ఆయన పెదవుల వైపే చూస్తూ నిలబడ్డాను. అవి కదల్లేదు.

పొడి ఊదబోయి దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక పేరును అరచేత్తో తుడిచాడు. కళ్ళనిండా నీళ్ళు.

"మూడేండ్లు చూసింది బిడ్డా. ఎవరు పిలిచినా పలికింది. నేను విననే లేదాయె. ఇసిగి పోయినట్టుంది."

అదే నోట, మరుక్షణమే ఆమె అంది: "యాడికి పోత? ఈడనే ఉన్న కద."

ఆయన ఉలి గుడ్డలో చుట్టుకుంటున్నాడు. కళ్ళు తుడుచుకుని, "పోదాం పా బిడ్డా," అన్నాడు. పలికింది తాతా, ఇప్పుడే పలికింది అని చెప్పడానికి నోరు తెరిచాను. పేరు అప్పటికే రాతి మీద ఉంది.