ఖాళీ అనుకున్న చానల్

సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో ముక్తార్‌కు మైక్‌సెట్ దుకాణం ఉండేది. తెగిన తీగలు అతికిస్తూ ఆ దుకాణంలోనే పెరిగింది ఆయన కూతురు తహూరా. పాలిటెక్నిక్, ఆ తర్వాత ఇంజనీరింగ్ పూర్తిచేసి హైదరాబాదులో ఎం.టెక్.లో చేరింది. "మైకుల ముక్తార్ బిడ్డ వైర్‌లెస్ సదువుతున్నదట" అని వాడలో గొప్పగా చెప్పుకునేవారు.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలై కాలేజీ మూతపడింది. తహూరా లాప్‌టాప్, అరచేయంత రేడియో పెట్టె, చిన్న ఏంటెన్నా బ్యాగులో సర్దుకుని ఇంటికి వచ్చేసింది. అవి ఆమె ప్రాజెక్టు సామాన్లు. టీవీ ప్రసారాలకని కేటాయించిన చానళ్లలో చాలావాటిని ఎవరూ వాడరు. అలా ఊరికే పడివున్నదాన్ని యంత్రమే వెతికి పట్టుకుని దాని మీదుగా ఇంటర్నెట్ పంపాలి.

"గా చానల్ వాడెటోళ్లు ఎవలన్న వస్తే?" అని అడిగింది తల్లి రబియాబీ.

"బస్సుల ఖాళీ సీటుంటే కూసుంటం. రిజర్వేషన్ ఉన్నామె వస్తే లేస్తం గద అమ్మీ, గట్లనే."

ఆ యంత్రంతో కాలేజీ ల్యాబు బయట ప్రసారం చేయకూడదు. తహూరాకు ఆ సంగతి తెలుసు. పది నిమిషాలకు ఏమవుతుందిలే అనుకుంది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆమె డాబా ఎక్కింది. పక్క వీధిలోనే సమ్మె డేరా. మొదటిరోజు నుంచీ అక్కడ మైకు ముక్తార్‌దే. ఆ పూట డేరాలో డప్పులు మోగుతున్నాయి, మైకు ఆపేసి ఉంది. తహూరా యంత్రం చానళ్లన్నీ ఒకసారి విని, ఒకటి ఖాళీగా ఉందని చూపించింది. ఆమె దాని మీద ఒక సన్నని కూత పంపడం మొదలుపెట్టి, తలవంచుకుని అంకెలు రాసుకుంటూ కూర్చుంది.

డప్పులు ఆగాయి. స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకర్లో ఒక ముసలి గొంతు వినిపించింది.

"నా పేరు బుచ్చవ్వ. మాది దుబ్బాక. నా కొడుకు రాంచందర్ తెలంగాణ కోసం పానం దీసుకున్నడు. వాడు ఆఖరి దినం నాతోని..."

అంతే. ఆ మాటను మింగేస్తూ చెవులు చిల్లులు పడేలా కూత.

తహూరా తలెత్తింది. ఆ కూత తనది. తన పెట్టెలోంచి పోతున్నది వీధి వీధంతా మోగుతోంది. తండ్రి కొత్తగా కొన్న తీగలేని మైకు కూడా ఆ చానల్ మీదే పనిచేస్తుందని అప్పుడు తట్టింది. ఆపాలి. ఏ బటన్ నొక్కాలో కనిపించలేదు. చివరికి తీగ పట్టి గుంజేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరిగెత్తింది.

డేరాలో ముక్తార్ కింద పడి ఉన్నాడు. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారుతోంది. చుట్టూ జనం.

"పోలీసోళ్లతోని కల్సినవా? ముసలామె నోరు మూయిస్తవా?"

"ఖుదా కసం, నా మైకుల ఏ దోషం లేదన్నా!"

తహూరా జనాన్ని తోసుకుంటూ వచ్చి తండ్రికి అడ్డంగా నిలబడింది. "మా అబ్బాను కొట్టకున్రి! గా సప్పుడు నాది. నేనే జేసిన!"

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. సమ్మె కన్వీనర్ నర్సింహ నోరు తెరిచి చూశాడు. "నువ్వా? ఎందుకమ్మా?"

"చానల్ ఖాళీగున్నదనుకున్న సార్. నేను ఇన్నప్పుడు మైకు బందుండె. మల్ల ఇనలే."

బుచ్చవ్వ ఇంకా మైకు పట్టుకునే ఉంది. ఆమె గొంతులో కోపం లేదు. "ఎవ్వలు లేరనుకున్నవా బిడ్డా?"

తహూరా కింద కూర్చుని తండ్రి పెదవికి చున్నీ అదిమింది.

"మల్ల మొదటికెల్లి చెప్పవ్వా" అన్నాడు నర్సింహ.

"ఒక్కపారి ఎల్లింది నోట్లకెల్లి. ఇగ రాదు." బుచ్చవ్వ మైకు బల్ల మీద పెట్టి, కొంగు కప్పుకుని డేరాలోంచి వెళ్లిపోయింది.

కొట్టినవాళ్లలో ఇద్దరు ముక్తార్‌ను లేపి దవాఖానకు తీసుకెళ్లారు. మూడు కుట్లు పడ్డాయి. నాలుగు రోజులు ఆయన కూతురితో మాట్లాడలేదు. ఐదో రోజు పొద్దున మైకు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "నేను ఇది ఆన్ జేస్తే నీ డబ్బా దానంతట అదే ఆగాలె. ఆగేదాంక ఇంకో పని ముట్టకు బేటీ."

ఈసారి తహూరా డాబా మీద యంత్రాన్ని వాడలేదు. కాలేజీ తెరిచాక, మైకు పట్టుకుని ముక్తార్ కూడా ఆమెతో హైదరాబాదు ల్యాబుకు వెళ్లాడు. యంత్రం ప్రతి క్షణం వింటూ, మైకు తెరిచీ తెరవగానే తప్పుకోవడానికి నెలన్నర పట్టింది.

ఆ పని పూర్తికాకముందే, సమ్మె విరమించి బస్సులు తిరగడం మొదలైన వారానికి, తహూరా దుబ్బాక వెళ్లింది. బుచ్చవ్వ గడపలో కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. ఈమెను చూసి గుర్తుపట్టింది. ఆ రోజు తన కూత మింగేసిన మాట వినడానికి వచ్చానంది తహూరా. బుచ్చవ్వ పీట జరిపింది.

"చెప్తనో చెప్పనో బిడ్డా. కూసో."

ఆ రోజు ఆమె కొడుకు ప్రస్తావన తేలేదు. తహూరా నూలు అందిస్తూ సాయంత్రం దాకా ఉండి తిరిగివచ్చింది. మూడోసారి వెళ్లినప్పుడు బుచ్చవ్వ కొడుకు ఆఖరి దినం అన్న మాట చెప్పింది.